ఎడమ గ్లౌజు

రాత్రి పదకొండు దాటితే కరెంటు చవక.
గ్రెనోబుల్‌లో మాకు అయస్కాంతం దొరికేది అప్పుడే.
ద్రాక్ నది చలువ గోడలోంచి లోపలికొచ్చి
కాగే రాగి చుట్టల్ని తడుముకుంటూ పోయి
గోరువెచ్చగా మళ్ళీ బయటపడుతుంది.
మనం ఏ రాత్రి పనిచేశామో చేపలకు తెలుసంటాడు ఇదిర్,
మీటల ముందు కూర్చుని,
ఖర్జూరం గింజ బుగ్గన పెట్టుకుని.

నా స్ఫటికం నువ్వుగింజంత.
టాంటలం, ఆర్సెనిక్: లోహం సగం, విషం సగం.
నాలుగు బంగారు తీగలు అతికించాను దానికి,
వెంట్రుకకన్నా సన్నం,
ఊపిరి బిగబట్టి, వెండి లేపనం చుక్కతో.
రెండు తీగలు కరెంటు పంపడానికి.
రెండు, దారిలో అది పడే కష్టం చూసి చెప్పడానికి.

ఈ చేతులు మా అమ్మమ్మవి.
ఇంకొరొనాతా. ఇజేర్ ఒడ్డు సందులో
మేకపిల్ల తోలుతో గ్లౌజులు కుట్టేది, డజనుకింతని కూలి.
నాకు ఏడేళ్ళప్పుడు
ఒక జతలో రెండూ ఎడమవే వచ్చాయి.
తిట్టింది, ఎవర్నో, ఇటాలియన్‌లో.
తర్వాత ఒకదాన్ని తీసుకుని
వేలు వేలులో పుల్ల దూర్చి
లోపలిది బయటికి తిరగేసింది.
కుడిది!
"కుట్లు కనిపిస్తాయి," అంది. "అయినా చెయ్యి పడుతుంది."

ఈ స్ఫటికంలో ఎలక్ట్రాన్లకూ చేతివాటం ఉంది.
కొన్ని ఎడమ, కొన్ని కుడి,
బరువే లేనట్టు పరుగెత్తుతాయి.
కాస్త నొక్కినా, సాగదీసినా, మలినం కలిపినా
ఆ జతలు చెరగవు,
ఎడమా కుడీ ఎదురుపడి ఒకదాన్నొకటి మింగేస్తే తప్ప.

మామూలు లోహం అయస్కాంతం ముందు మొరాయిస్తుంది.
లోపలివన్నీ గానుగెద్దుల్లా పక్కకు తిరిగి తిరిగి
ముందుకు సాగవు.
ఇక్కడ మాత్రం
కరెంటు పోయే దారినే అయస్కాంతమూ పట్టుకుంటే
ఎడమవి కొన్ని కుడివైపోతాయి,
దారి సులువవుతుంది, నిరోధం తగ్గుతుంది
అని సిద్ధాంతం.
అది చూడ్డానికే నాలుగు రాత్రులు అడిగి తెచ్చుకున్నాం.
ఇది మూడోది.

పదిహేను టెస్లా. ఇరవై రెండు.
నా కాళ్ళకింద నేల సన్నగా మూలుగుతోంది.
ఇరవై ఎనిమిది.
తెరమీద గీత వంగింది, కిందికి,
ఎంత నున్నగానో.
ఇదిర్ లేచి నిలబడ్డాడు.
నేను లేవలేదు.

మరీ అందంగా ఉంది, అదీ నా భయం.
క్షేత్రం బలంగా ఉన్నప్పుడు
కరెంటు వెడల్పుగా పారదు.
గొట్టం చిల్లిలోంచి చిమ్మిన నీటిలా
నడుమన సన్నటి ధారై దూసుకుపోతుంది.
అంచున కూర్చున్న నా తీగలు
"ఇక్కడ ఏ కష్టమూ లేదు" అని కబురంపుతాయి.
సాక్షి అబద్ధమాడలేదు.
నేనే తీసుకెళ్ళి వీధి చివర నిలబెట్టాను.

"వంగిందిగా," అన్నాడు ఇదిర్.
"వంగింది," అన్నాను,
హీలియంలోంచి కడ్డీ పైకి లాగుతూ.

మళ్ళీ మొదట్నించి. పాత వెండి గీకి,
ఈసారి కరెంటు చుక్కలోంచి కాకుండా
చివరంతా వెండి పూసి, నిండు వెడల్పులో.
ఒక తీగ తెగింది. ఇంకొకటి.
మూడున్నరకి మళ్ళీ లోపలికి దించాం.

గీత వంగింది.
ఇందాకటి దానిలో పదో వంతు.
మిగతా తొమ్మిది వంతులూ నా చేతి పనితనం.
ఈ మిగిలిన వంపు ఎలక్ట్రాన్లదో
ఇంకా నాదేనో, ఈ రాత్రికి తెలియదు.
రెండు గీతలూ పక్కపక్కనే అచ్చువేస్తాను.
కుట్లు కనిపించనీ.

ఇదిర్ నీళ్ళు కట్టేశాడు.
గొట్టాల్లో గలగల మెల్లగా సన్నగిల్లి, ఆగింది.
సంచీలోంచి రొట్టె తీసి సగం నాకిచ్చాడు.
నా బొటనవేలి గోటికింద
వెండి మరక అలాగే ఉంది.
కడుక్కోకుండానే తుంచాను.